స్వతంత్ర పాటగాడి జమాఖర్చులు

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. షికాగో దగ్గర ఒక పోస్ట్‌మ్యాన్ ఉండేవాడట. ఓ రాత్రి చిన్న క్లబ్బులో పాడుతుంటే పేరున్న సినిమా విమర్శకుడొకాయన విన్నాడట. మర్నాడే పేపర్లో రాశాడట. దాంతో ఆ పోస్ట్‌మ్యాన్ ఉత్తరాల సంచి అవతల పారేసి లోకప్రసిద్ధుడైపోయాడట. కింద లావుపాటి అక్షరాల్లో "ఉద్యోగాన్ని నీ కలని చంపనివ్వకు" అని ఉంది. దాని కింద మా పెదనాన్న రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నలభై ఏళ్ళు ఒక్క రోజు సెలవు పెట్టకుండా గవర్నమెంటు ఉద్యోగం చేసిన మనిషి!

అందులో పోస్ట్‌మ్యాన్ పేరు లేదు గానీ, అది జాన్ ప్రైన్ కథ. విమర్శకుడు రోజర్ ఈబర్ట్. 1970 అక్టోబర్‌లో షికాగో సన్-టైమ్స్‌లో ఆయన రాసిన మాట నిజమే. సినిమా హాల్లో పాప్‌కార్న్‌లో ఉప్పెక్కువై, బీరు కోసం బయటికొచ్చి ఆ క్లబ్బులో దూరాడని కూడా చెబుతారు. నాకు ఈ కథలో అబద్ధాలతో పేచీ లేదు, పెద్ద అబద్ధాలేం లేవు కూడా. పేచీ అంతా ఇది ఎక్కడ ఆగిపోయిందన్న దాంతోనే. ఆ రాత్రి తరవాత ఆయన దాదాపు యాభై ఏళ్ళు పాడాడు. అందులో ముప్పై ఐదేళ్ళకి పైగా సొంత రికార్డు కంపెనీ మీద. జానపద, కంట్రీ (అమెరికా పల్లెల పాట) బాణీల్లో సొంతంగా రాసుకుని పాడే అమెరికన్ వాగ్గేయకారుల్లో "స్వతంత్రుడు" అనగానే మొదట తలచుకునే పేర్లలో ఆయనదొకటి. ఆ స్వతంత్రానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది అన్న ప్రశ్న ఎవరూ వెయ్యరు. అది వెయ్యకుండా కుర్రవాళ్ళకి ఈ కథ చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం.

పోస్టాఫీసు కలని చంపిందా?

ముందు ఆ ఉద్యోగం సంగతి. ప్రైన్ షికాగో పడమటి శివారు మేవుడ్‌లో పుట్టి పెరిగాడు. తల్లిదండ్రులది కెంటకీలోని ముహ్లెన్‌బర్గ్ కౌంటీ. అన్న డేవ్ దగ్గర గిటార్ నేర్చుకున్నాడు. స్కూలు కాగానే పోస్టాఫీసులో చేరాడు. మధ్యలో 1966లో సైన్యం పిలిచింది. అదృష్టం కొద్దీ వియత్నాంకి కాకుండా పశ్చిమ జర్మనీకి పంపారు, అక్కడ మోటారు షెడ్డులో మెకానిక్కు పని. తిరిగొచ్చి మళ్ళీ ఉత్తరాల సంచీయే తగిలించుకున్నాడు.

నేనుండేది ఆ చుట్టుపక్కలే. జనవరిలో ఇక్కడ వీధిలో నడవడమంటే ఏమిటో తెలుసు కాబట్టి చెబుతున్నాను, అది సుఖమైన ఉద్యోగం కాదు. ఉత్తరాల కట్టలు దాచే పెద్ద ఇనప పెట్టెలు వీధి చివర ఉండేవి. గాలి తట్టుకోలేనప్పుడు వాటిలో దూరి శాండ్‌విచ్ తినేవాణ్ణని ఆయన చాలాసార్లు చెప్పాడు. అయితే అదే నడకలో పాటలు అల్లుకున్నానని కూడా చెప్పాడు. దారి ఒకసారి కాళ్ళకి అలవాటయ్యాక బుర్రకి పని ఉండదు. పుస్తకాల్లేని లైబ్రరీలో ఉన్నట్టుండేదట.

ఆ నడకలో తయారైనవి ఎలాంటివో చూడండి. "సామ్ స్టోన్" వియత్నాం నుంచి మత్తుమందు అలవాటుతో తిరిగొచ్చిన సైనికుడి కథ. "హలో ఇన్ దేర్" వయసు మీదపడి ఒంటరైన దంపతుల గురించి. చిన్నప్పుడు పేపర్లు వేస్తూ వృద్ధాశ్రమంలో చూసిన ముసలివాళ్ళు దాని వెనకాల ఉన్నారు. "పారడైజ్" తల్లిదండ్రుల ప్రాంతంలో బొగ్గు తవ్వకాలకి పాడైపోయి, కనుమరుగైన ఊరి గురించి. ఇరవై మూడూ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ప్రేమ పాటలు మానేసి ముసలివాళ్ళ గురించి రాశాడంటే, ఇంటింటికీ తిరిగే పని దానికి సాయపడలేదని నేననుకోను. పోనీ సంచి అయినా ఒక్కసారిగా పారేశాడా? లేదు. క్లబ్బులో వారానికి కొన్ని రాత్రులు పాట ఖాయమై, చేతిలో డబ్బు ఆడాకే ఉద్యోగం మానేశాడు. ఫార్వర్డ్ రాసినవాళ్ళు దీన్ని కల అంటారు. మా పెదనాన్న లాంటివాళ్ళు ముందుచూపంటారు.

గడ్డిమోపు మీద కూర్చున్న పట్నం కుర్రాడు

1971లో జరిగింది నిజంగానే సినిమా సీను. స్నేహితుడు, తోటి పాటగాడు స్టీవ్ గుడ్‌మన్ అప్పటికి పెద్ద తార అయిన క్రిస్ క్రిస్టాఫర్‌సన్‌ని అర్ధరాత్రి దాటాక షికాగో ఓల్డ్ టౌన్ పేటలోని బారుకి లాక్కొచ్చాడు. కుర్చీలన్నీ బల్లల మీదికెక్కించేశారు. ప్రైన్ ఓ మూల కునుకు తీస్తున్నాడు. లేపి పాడించారు. విన్న క్రిస్టాఫర్‌సన్ ఆ పాటలన్నీ మళ్ళీ మొదట్నుంచి పాడమన్నాడు. కొన్నాళ్ళకే న్యూయార్క్‌లో తన వేదిక మీదికి పిలిచి పాడించాడు. అక్కడున్న జెర్రీ వెక్స్‌లర్ అట్లాంటిక్ అనే పెద్ద రికార్డు కంపెనీకి సంతకం చేయించుకున్నాడు.

మొదటి ఆల్బమ్ అట్ట మీద ప్రైన్ గడ్డిమోపు మీద కూర్చుని ఉంటాడు. అంతకుముందు జన్మలో గడ్డిమోపు మీద కూర్చోలేదని తరవాత నవ్వేవాడు. కంపెనీకి కావలసింది పల్లెటూరి పాటగాడు, దొరికింది షికాగో శివారు పోస్ట్‌మ్యాన్. ఆ దూరం చివరిదాకా తగ్గలేదు. విమర్శకులు మెచ్చుకున్నారు, బాబ్ డిలన్ అంతటి పాటగాడని "కొత్త డిలన్" అన్నారు. ఆ బిరుదు తగిలించుకున్నవాళ్ళలో బాగుపడ్డవాళ్ళు తక్కువ. పదేళ్ళలో అట్లాంటిక్‌కి నాలుగు, అసైలమ్‌కి మూడు, మొత్తం ఏడు ఆల్బమ్‌లు. ఆశించిన అమ్మకాలు దేనికీ రాలేదు. 1980లో వచ్చిన "స్టార్మ్ విండోస్"తో ఆ దారి అయిపోయింది.

ఇక్కడే మన స్వతంత్రవాదులు చప్పట్లు కొడతారు. కంపెనీలని కాదని బయటికొచ్చాడు కదా అని. నేను కొంచెం ఆగుతాను. ఆ ఏడు ఆల్బమ్‌లు కంపెనీకి లాభం తెచ్చాయో లేదో గానీ, అమెరికా అంతటా కాలేజీ ఊళ్ళలో ప్రైన్ అంటే పడిచచ్చే కొన్ని వేలమందిని మిగిల్చాయి. ఆ వేలమందిని వెతికి పట్టడానికైన ఖర్చు కంపెనీలదే. మంచి స్టూడియో, అరిఫ్ మార్డిన్ లాంటి నిర్మాత, దేశమంతటా రికార్డు షాపులు, పత్రికల్లో సమీక్షలు, ఇవన్నీ వాళ్ళ డబ్బుతోనే జరిగాయి. ఇలాగే సొంతంగా రాసి పాడే గిలియన్ వెల్చ్ విషయంలోనూ ఇంతే. మొదటి ఆల్బమ్ 1996లో వేరే కంపెనీ తెచ్చింది, సొంత ఎకోనీ రికార్డ్స్ మీద ఆల్బమ్ వచ్చింది 2001లో. విత్తనం ఒకరు జల్లాక పంట మనం కోసుకుంటే తప్పేం లేదు. ఆ విత్తనం సంగతి చెప్పకుండా "నేనొక్కణ్ణే సేద్యం చేశాను" అనే కథలతోనే ఇబ్బంది.

ఉత్తరాలు పంచినవాడికి ఉత్తరాలొచ్చాయి

ఎనభైల మొదట్లో మేనేజరు ఆల్ బునెటా, డాన్ ఐన్‌స్టైన్‌లతో కలిసి ప్రైన్ "ఓ బాయ్ రికార్డ్స్" పెట్టాడు. కంపెనీ అంటే పెద్ద హంగేమీ కాదు, నాలుగైదు బల్లలు, టెలిఫోను. మొదటి ఆల్బమ్ "ఏమ్‌లెస్ లవ్" 1984లో వచ్చింది. పోస్టు ద్వారా అమ్మకం. ఆల్బమ్ తయారుకాకముందే అభిమానులు చెక్కులు పంపారు, ఆ డబ్బుతోనే పని సాగింది. ఇప్పుడు దీన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటున్నాం. అప్పట్లో దానికి పేరు లేదు.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది చెక్కుల కన్నా ఆ కవర్ల మీది అడ్రసులు. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారో, ఎవరు రెండు కాపీలు కొంటారో ప్రైన్ ఆఫీసుకి తెలుసు. ఆ జాబితా ఇంకెవరిదీ కాదు. ఇవాళ యూట్యూబ్‌లో లక్షమంది సబ్‌స్క్రైబర్లున్న పాటగాడికి వాళ్ళలో ఒక్కరి చిరునామా కూడా తెలీదు. రేపు ఆ కంపెనీ ఏదో సూత్రం మారిస్తే లక్షమందీ ఉన్నట్టే ఉండి మాయమవుతారు. "ఏ కంపెనీకీ సంతకం పెట్టలేదు, నేను స్వతంత్రుణ్ణి" అని అందరూ అంటున్న ఈ రోజుల్లో అసలు స్వతంత్రం 1984 నాటి ఆ చిరునామాల జాబితాలోనే ఎక్కువుందేమో.

బునెటా గురించి ఒక మాట. డెబ్భైల నుంచి 2015లో చనిపోయేదాకా ఆయన ప్రైన్ వెంటే ఉన్నాడు. పాటగాడు పాట రాసుకుంటూ కూర్చోగలిగాడంటే, లెక్కలు రాయడానికి, ఫోన్లలో గొడవపడడానికి వేరే మనిషి ఉన్నాడు కాబట్టే. ఫార్వర్డ్‌లలో ఇలాంటివాళ్ళు ఉండరు.

డబ్బు సగం

మా బాబాయి కొడుకొకడు డల్లాస్‌లో ఉంటాడు. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి గిటార్. తెలుగులో సొంతంగా రాసుకుని పాడతాడు, నిజంగా బాగా పాడతాడు. ఆ ఫార్వర్డ్ చూసి నాకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నీకీయన పాటలు పిచ్చి కదా, ఇది నిజమేనా?"

"నిజమేరా. సగం. మిగతా సగం వింటావా?"

"ఏమిటా సగం?"

"డబ్బు."

వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. "ఏమ్‌లెస్ లవ్" రావడానికి ముందు ఏడాది, అంటే 1983లో, కంట్రీ గాయకుడు డాన్ విలియమ్స్ పాడిన "లవ్ ఈజ్ ఆన్ ఎ రోల్" కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. రాసింది ప్రైన్, రోజర్ కుక్. వీళ్ళిద్దరే రాసిన "ఐ జస్ట్ వాంట్ టు డాన్స్ విత్ యూ"ని ప్రైన్ 1986లో తన సొంత కంపెనీ ఆల్బమ్‌లో పెట్టాడు. అప్పుడు దాన్ని విన్నది ఆయన అభిమానులే. పన్నెండేళ్ళ తరవాత, 1998లో కంట్రీ తార జార్జ్ స్ట్రెయిట్ పాడితే అదీ మొదటి స్థానానికెక్కింది. అంతకుముందు 1974లోనే గాయని బానీ రైట్, ప్రైన్ రాసిన "ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ" పాడి, దాన్ని దాదాపు తన పాట చేసేసుకుంది.

అమెరికాలో ఒక పాట ఒకసారి విడుదలైతే, చట్టం చెప్పిన రేటు కట్టి ఎవరైనా దాన్ని మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. 1998లో ఆ రేటు కాపీకి 7.1 సెంట్లు. అది రాసినవాళ్ళూ, పబ్లిషరూ పంచుకుంటారు. కాపీలు లక్షల్లో పోతే ఆ సెంట్లు చిన్న మొత్తం కాదు. ఇంకో విచిత్రం, మామూలు రేడియోలో పాట వేస్తే డబ్బు రాసినవాళ్ళకి వస్తుంది, పాడినవాళ్ళకి రాదు. స్ట్రెయిట్ గొంతు దేశమంతా మోగుతుంటే నాష్‌విల్‌లో ప్రైన్ పేర జమ పడుతుంది. అంటే చిన్న కంపెనీ స్వతంత్రం కింద పెద్ద కంపెనీల హిట్లు పునాదిగా ఉన్నాయి. దీన్ని నేను తప్పుపట్టడం లేదు, ఎంతో తెలివైన ఏర్పాటు. కానీ ఇది పాడేవాడి స్వతంత్రం కాదు, రాసేవాడి స్వతంత్రం. గొంతు మాత్రమే ఉన్నవాడు ఈ దారిన నడవబోతే మొదటి మైలులోనే ఆకలి మొదలవుతుంది.

అలాగని ప్రైన్ లెక్కల మనిషి అనుకుంటే పొరపాటే. గుడ్‌మన్‌తో కలిసి తాగిన మైకంలో కంట్రీ పాటలని వెటకారం చేస్తూ ఒక పాట రాశాడు. కంట్రీ వాళ్ళకి కోపం వస్తుందని తన పేరు పెట్టొద్దన్నాడు. 1975లో డేవిడ్ అలన్ కో పాడితే అది పెద్ద హిట్టయింది. డబ్బంతా గుడ్‌మన్‌కే. ఆయన ఊరుకోలేక ప్రైన్‌కి ఒక జ్యూక్‌బాక్స్, అంటే నాణెం వేస్తే పాట వినిపించే పెట్టె, కొనిచ్చాడు. ఒక పాట రాయల్టీ మొత్తానికి ఒక జ్యూక్‌బాక్స్! మావాడు దీనికి పడీపడీ నవ్వాడు.

ఆగే వీలు అందరికీ ఉంటుందా

సొంత కంపెనీ వల్ల ప్రైన్‌కి దొరికిన అసలు లాభం నా లెక్కలో ఆలస్యం. 1986 స్టూడియో ఆల్బమ్ తరవాతది 1991లో. అదే "ద మిస్సింగ్ ఇయర్స్", గ్రామీ తెచ్చింది. 1998లో మెడ దగ్గర క్యాన్సర్‌కి సర్జరీ చేసి, రేడియేషన్ ఇచ్చారు. గొంతు దిగిపోయి గరగరగా మారింది. స్ట్రెయిట్ పాట మోగింది కూడా ఆ ఏడాదే. గొంతుకి వేటు పడ్డ ఏడాదే కలం డబ్బు తెచ్చింది. మరుసటి ఏడు ఐరిస్ డిమెంట్ తదితరులతో పాత కంట్రీ యుగళగీతాలు పాడి ఆల్బమ్ తెచ్చాడు. మారిన గొంతే తనకి నచ్చిందని కూడా అన్నాడు. 2005లో ఇంకో ఆల్బమ్, ఇంకో గ్రామీ. తరవాత కొత్త సొంత పాటల ఆల్బమ్ రావడానికి పదమూడేళ్ళు పట్టింది. మధ్యలో ఊపిరితిత్తికి ఇంకో క్యాన్సర్. ఆఖరికి భార్య ఫియోనా, కంపెనీ చూసుకుంటున్న కొడుకు జోడీ కలిసి, సగం రాసిన కాగితాలు పెట్టెల్లో సర్ది, ఆయన్ని నాష్‌విల్‌లోనే ఒక హోటల్ గదిలో కూర్చోబెట్టారు. 2018లో వచ్చిన ఆ "ద ట్రీ ఆఫ్ ఫర్‌గివ్‌నెస్" అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో 5వ స్థానంలో మొదలైంది. డెబ్భై ఒకటో ఏట, జీవితంలో అదే ఆయనకి అన్నిటికన్నా పైమెట్టు. రెండేళ్ళకి, 2020 ఏప్రిల్ 7న, కోవిడ్‌తో పోయాడు.

వినడానికి బాగుంది. కానీ ఇదే షికాగో, ఇదే మేనేజరు, ఇలాంటి సొంత రికార్డు కంపెనీయే ఉన్న గుడ్‌మన్ సంగతి? ఇరవై ఏళ్ళు దాటీ దాటకుండానే లుకేమియా అనే రక్త క్యాన్సర్ బయటపడింది. ఆయనా పెద్ద కంపెనీలు వదిలి రెడ్ పజామాస్ అని సొంతది పెట్టుకున్నాడు. 1984 సెప్టెంబర్‌లో, ముప్పై ఆరేళ్ళకే చనిపోయాడు. ఆయన రాసిన "సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్" విల్లీ నెల్సన్ గొంతులో మొదటి స్థానానికెక్కిందీ అప్పుడే. ఉత్తమ కంట్రీ పాటగా గ్రామీ వచ్చింది 1985లో, చనిపోయాక. ఓపిక పడితే ఫలితం వస్తుందని ప్రైన్‌ని చూపించి చెప్పేవాళ్ళు గుడ్‌మన్‌ని కూడా చూపించాలి. ఒకే దారిలో నడిచిన ఇద్దరిలో ఒకడికి యాభై ఏళ్ళు దొరికాయి, ఒకడికి దొరకలేదు.

నా వాదనకి అసలైన అడ్డం ఆని డిఫ్రాంకో అనే గాయని. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊరి అమ్మాయి, 1990లో ఇరవై ఏళ్ళకే రైచస్ బేబ్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టింది. ఏ పెద్ద కంపెనీ ముందుగా విత్తనం జల్లలేదు, వేరేవాళ్ళ హిట్లు పునాది వెయ్యలేదు. ఊరూరా తిరిగి, పాడిన చోటల్లా క్యాసెట్లు అమ్ముకుంది. పెద్ద కంపెనీలు వెంటపడ్డా లొంగలేదు. కాబట్టి నా లెక్క ప్రతి ఒక్కరికీ వర్తించదు. ఒప్పుకోక తప్పదు. అయితే ఆవిడ చెల్లించినదీ చిన్న ధర కాదు. తొంభైలంతా దాదాపు ఏడాదికో ఆల్బమ్, ఎప్పుడూ రోడ్డు మీదే. ప్రైన్ స్వతంత్రంతో తీరిక కొనుక్కుంటే, ఆవిడ తీరిక పెట్టి స్వతంత్రం కొనుక్కుంది. ఏది మేలో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆవిడ పద్ధతి నిజాయితీగా ఉందనిపిస్తుంది. ప్రైన్ పాటలే ఎక్కువ వింటాను.

మన దగ్గర

మన సినిమా కవులకి ఎన్నో ఏళ్ళు పాటకింత అని ఒక మొత్తం చేతిలో పెట్టి హక్కులన్నీ నిర్మాతో, ఆడియో కంపెనీయో రాయించుకునేవి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దానికోసం గట్టిగా మాట్లాడారు. అప్పట్నుంచి రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ హక్కుని వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఇది సినిమా పాటలకే కాదు, విడిగా వచ్చే పాటలకీ వర్తిస్తుంది. అంటే ప్రైన్‌కి అన్నం పెట్టిన దారి, చట్టం పుస్తకంలోనైనా, మనకీ తెరిచే ఉంది.

మా డల్లాస్ వాడికి నేనిచ్చిన సలహా ఉద్యోగం మానమనీ కాదు, మానొద్దనీ కాదు. రాసినవాడిగా నీ పేరు ఎక్కడైనా నమోదై ఉందా అని అడిగాను. లేదు. పాట పెట్టిన చోట కెమెరామన్ పేరుంది, డ్రోన్ తిప్పినవాడి పేరుంది, సాహిత్యం ఎవరిదో లేదు. తెలంగాణ జానపదాలు యూట్యూబ్‌లో కోట్లమంది చూస్తున్నారు కదా, వాటిలో కొన్నిటి కింద వెతికి చూడండి, ఛానెల్ పేరు దొరికినంత తేలిగ్గా రాసినవాళ్ళ పేరు దొరకదు.

వాడు నమోదు చేయించుకున్నాడు. ఆ తరవాత వాడడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "అది సరే అన్నయ్యా, నాకు జార్జ్ స్ట్రెయిట్ ఎవరు? తెలుగులో కవర్ పాడేవాళ్ళంతా సినిమా పాటే పాడతారు. సినిమాలో లేని నా పాటని ఇంకొకడు ఎందుకు పాడతాడు?" లలితగీతాలని రేడియోలో ఒకరి తరవాత ఒకరు పాడేవారని ఏదో చెప్పబోయాను. "అది ఆకాశవాణి పాడించింది. ఇప్పుడెవరు పాడిస్తారు?" అన్నాడు.